తేలికపాటి వైరల్ జబ్బుకు మూలికా మందు తోడుగా ఇచ్చి పరీక్షించాలంటే ఏ పద్ధతి ఎంచుకోవాలి?

నేలవేము క్యాప్సూళ్లు తీసుకున్న 29 మందిలో ఒక్కరికీ న్యుమోనియా రాలేదు. తీసుకోని గ్రూపులో 28 మంది ఉంటే వాళ్లలో ముగ్గురికి వచ్చింది. 2021లో థాయిలాండ్‌లో తేలికపాటి కోవిడ్ ఉన్నవాళ్ల మీద జరిగిన పరీక్ష ఇది. వినగానే ఎవరికైనా మందు పనిచేసిందనే అనిపిస్తుంది. మొదట బయటికొచ్చిన పత్రంలో కూడా ఈ తేడా కాకతాళీయం కాదన్నట్టే లెక్క చూపించారు. తర్వాత లెక్క తప్పిందని తేలి, రచయితలే ఆ పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు.

ఆ లెక్క మనమే చేసి చూడొచ్చు. మొత్తం 57 మంది. మందుకు ఏ బలమూ లేదనుకుందాం, ఆ ముగ్గురికీ ఎలాగైనా న్యుమోనియా వచ్చేదే అనుకుందాం. చీటీలు వేసి అందరినీ రెండు గ్రూపులుగా విడదీస్తే ముగ్గురూ మందు లేని గ్రూపులోనే పడే అవకాశం ఎంత? మొదటి మనిషికి 57లో 28, రెండో మనిషికి 56లో 27, మూడో మనిషికి 55లో 26. మూడింటినీ గుణిస్తే 0.11 వస్తుంది. అంటే నూరుసార్లు చీటీలు వేస్తే దాదాపు పదకొండుసార్లు, మందు ప్రమేయం ఏమీ లేకుండానే, సరిగ్గా ఇదే ఫలితం వస్తుంది.

నేలవేము పనిచేయదని దీని అర్థం కాదు. పనిచేస్తుందో లేదో చెప్పగలిగే బలం ఆ పరీక్షకు లేదని మాత్రమే. మూలికా వైద్యం మీద నాకు గౌరవం ఉంది కాబట్టే ఇలాంటి పరీక్షలు చూస్తే బాధేస్తుంది. రోగులు నమ్మి వచ్చారు, నెలల తరబడి పని జరిగింది, చివరికి ఏ జవాబూ చేతికి రాలేదు. ఇందులో చాలా భాగం మొదటి రోజు తీసుకునే నాలుగైదు నిర్ణయాల దగ్గరే తేలిపోతుంది. ఆ నిర్ణయాల గురించే ఈ వ్యాసం. పరీక్ష చేయబోయే పీజీ విద్యార్థులకు, వైద్యులకు ఉపయోగపడాలని రాస్తున్నాను. ఎవరో చేసిన పరీక్షను చదివి నమ్మాలా వద్దా అని ఆలోచించేవాళ్లకూ ఇవే ప్రశ్నలు పనికొస్తాయి.

"తోడు మందు" అంటే సరిగ్గా ఏమిటి

మామూలు చికిత్స మానేసి దాని బదులు మూలిక ఇవ్వడం ఒక పద్ధతి. మామూలు చికిత్స అందరికీ ఇస్తూ, కొందరికి అదనంగా మూలిక ఇవ్వడం రెండోది. తేలికపాటి వైరల్ జబ్బుల్లో నేను రెండోదే ఎంచుకోమంటాను. ఎవరికీ అందాల్సిన మందు ఆగిపోదు కాబట్టి రోగికి నష్టం లేదు, ఎథిక్స్ కమిటీ ముందు జవాబు చెప్పుకోవడం కూడా సులభం.

అయితే తోడు మందు పద్ధతిలో కనపడని చిక్కు ఒకటుంది. రెండు గ్రూపుల వాళ్ల దగ్గరా పారాసిటమాల్ ఉంటుంది. మూలిక నిజంగా పనిచేస్తుంటే ఆ గ్రూపులో ఒళ్లునొప్పులు తగ్గి, వాళ్లు పారాసిటమాల్ తక్కువ వేసుకుంటారు. రెండో గ్రూపువాళ్లు ఎక్కువ వేసుకుని జ్వరాన్ని అదుపులో పెట్టుకుంటారు. చివరికి థర్మామీటర్ చూస్తే రెండు గ్రూపులూ ఒకేలా కనిపిస్తాయి. మందు పనిచేసినా మన కంటికి కనపడదు. అందుకని ఏ రోజు ఎన్ని పారాసిటమాల్ మాత్రలు వేసుకున్నారో డైరీలో ఒక గడి తప్పకుండా ఉండాలి. "మామూలు చికిత్స" అంటే ఏమిటో కూడా ముందే కాగితం మీద రాసుకోవాలి. ఒక డాక్టరు యాంటీబయాటిక్ రాసి, ఇంకో డాక్టరు రాయకపోతే ఆ తేడా మూలిక ఖాతాలో పడిపోతుంది.

ఎవరితో పోల్చాలి: అన్నిటికంటే పెద్ద నిర్ణయం

నా దృష్టిలో మిగతావన్నీ దీని తర్వాతే. డబ్బు, సమయం, ఓపిక ఏది ఖర్చు పెట్టినా ముందు ఇక్కడ పెట్టాలి.

అందరికీ మందు ఇచ్చి ఎంతమందికి తగ్గిందో చూడటం అన్నిటికంటే చవకైన దారి. పోలిక గ్రూపే ఉండదు. మలేరియాకో క్షయకో కొత్త మందు వెతికేటప్పుడు తొలి అడుగుగా దీనికి కొంత విలువ ఉండొచ్చు. తేలికపాటి వైరల్ జబ్బులో మాత్రం దీనికి విలువ లేదనే చెప్తాను. జలుబు వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. పైగా రోగి డాక్టరు దగ్గరికి వచ్చేది బాధ బాగా ముదిరిన రోజునే. ఆ రోజు తర్వాత ఏం చేసినా చేయకపోయినా తగ్గుముఖమే. "నూటికి 95 మందికి వారంలో నయమైంది" అనే మాట నిజమే అయినా, అందులో మందు గురించి ఒక్క సంగతీ లేదు.

రెండో దారి, ఒక గ్రూపుకు మామూలు చికిత్స, ఇంకో గ్రూపుకు మామూలు చికిత్సతో పాటు మూలిక ఇవ్వడం. ఎవరికి ఏది ఇస్తున్నారో అందరికీ తెలుసు. ఓపెన్ ట్రయల్ అంటారు. మూలికా మందుల మీద ఎక్కువగా జరిగేవి ఇవే. చీటీలు సక్రమంగా వేస్తే రెండు గ్రూపులూ మొదట్లో సమానంగానే ఉంటాయి, అది పెద్ద మేలు. ఇబ్బంది తర్వాత మొదలవుతుంది. నీరసం, గొంతునొప్పి, ముక్కు దిబ్బడ ఇవన్నీ రోగి చెప్తేనే మనకు తెలిసేవి. నాకు ప్రత్యేకంగా ఒక మందు ఇచ్చారు అని తెలిసిన మనిషి ఆ బాధను చూసే తీరే మారిపోతుంది. అది అబద్ధం చెప్పడం కాదు, నిజంగానే కాస్త తేలిగ్గా అనిపిస్తుంది.

మూడోది ప్లాసిబోతో పోల్చడం. చూడటానికి, వాసనకు, రుచికి అచ్చం మందులాగే ఉండి లోపల మందు లేనిది రెండో గ్రూపుకు ఇస్తారు. రోగికీ తెలియదు, పరీక్షించే డాక్టరుకూ తెలియదు.

ప్లాసిబో కోసం ఇంత తంటా అవసరమా అని చాలామంది అడుగుతారు. దానికి నాకు తెలిసిన అన్నిటికంటే మంచి జవాబు 2010లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో, జలుబుకు వాడే ఎకినేసియా అనే మూలిక మీద జరిగిన పరీక్షలో ఉంది. కొత్తగా జలుబు మొదలైన 719 మందిని వాళ్లు రెండు కాదు, నాలుగు గ్రూపులు చేశారు. ఒక గ్రూపుకు మాత్రలే లేవు. ఒక గ్రూపుకు ప్లాసిబో. ఒక గ్రూపుకు ఎకినేసియా, కానీ అదేమిటో చెప్పలేదు. నాలుగో గ్రూపుకు ఇది ఎకినేసియానే అని చెప్పి ఇచ్చారు. జబ్బు సగటున ఎన్ని రోజులు ఉందో చూడండి: మాత్రలు లేనివాళ్లకు 7.03, ప్లాసిబోకు 6.87, చెప్పకుండా ఇచ్చిన ఎకినేసియాకు 6.34, చెప్పి ఇచ్చినదానికి 6.76. ఈ తేడాలు కాకతాళీయం కావని చెప్పడానికి వీల్లేనంత చిన్నవి.

అసలు పాఠం దాని తర్వాతి విశ్లేషణలో ఉంది. పరీక్షలో చేరినప్పుడే ప్రతి ఒక్కరినీ ఎకినేసియా మీద మీకెంత నమ్మకం అని అడిగి నూటికి మార్కులు వేయించారు. 50 కంటే ఎక్కువ వేసినవాళ్లు 120 మంది. ఆ నమ్మకస్తుల్లో, మాత్రలే ఇవ్వనివాళ్లకంటే ప్లాసిబో వేసుకున్నవాళ్లకు జబ్బు రెండున్నర రోజులకు పైగా ముందే తగ్గింది. ప్లాసిబోలో ఏ మూలికా లేదు. ఇప్పుడు ఓపెన్ ట్రయల్‌కు ఎవరు ముందుకొస్తారో ఆలోచించండి. ఆ మూలిక మీద నమ్మకం ఉన్నవాళ్లే. వాళ్లలో సగం మందికి ఇచ్చి సగం మందికి ఇవ్వకపోతే మందులో ఏమీ లేకపోయినా రెండు రోజుల తేడా రావచ్చు. ఇవ్వని సగానికి నిరాశ కూడా తోడవుతుంది.

అందుకే నా సలహా గట్టిగానే చెప్తున్నాను. రోగి మాట మీద ఆధారపడే ఫలితం కొలుస్తుంటే ప్లాసిబోనే ఎంచుకోండి. 400 మందితో ఓపెన్ ట్రయల్ చేసే స్తోమత ఉంటే, అదే స్తోమతతో 150 మందికి ప్లాసిబో ట్రయల్ చేయడం మేలు. మనిషుల సంఖ్య పెంచితే గాలివాటపు పొరపాట్లు తగ్గుతాయి. నమ్మకం వల్ల వచ్చే పక్షపాతం మాత్రం ఎంతమందిని చేర్చినా అంతే ఉంటుంది.

విస్కాన్సిన్ తరహాలో నాలుగు గ్రూపులు పెట్టగలిగితే ఇంకా మంచిదే, కానీ అది పెద్ద జట్లకు సాధ్యమయ్యే పని. రెండు రకాల తోడు మందులు ఒకేసారి పరీక్షించాలనుకునేవాళ్లు కూడా నాలుగు గ్రూపులు పెడతారు: మొదటి మందు, రెండో మందు, రెండూ కలిపి, రెండూ లేకుండా. 2021లో వెలువడిన ఒక అమెరికన్ పరీక్షలో కోవిడ్‌కు విటమిన్ సి, జింక్ ఇలాగే చూశారు. 520 మందిని తీసుకోవాలనుకున్నారు. 214 మంది దగ్గర లెక్క చూసుకుంటే ఇక కొనసాగించినా తేడా తేలదని అర్థమై ఆపేశారు. ఆ పరీక్ష ఓపెన్‌గా జరిగిందే, అయినా ఎక్కడ ఆపాలో ముందే రాసుకోవడం వల్ల మిగతా మూడొందల మందిని ఊరికే తిప్పలు పెట్టకుండా అయింది. ఆ నియమం మీ ప్రణాళికలోనూ ఉండాలి.

చేదు సమస్య

ప్లాసిబో ఎంచుకున్నాక అసలు కష్టం ఎదురవుతుంది. నేలవేము ఎంత చేదో ఒకసారి నోట్లో వేసుకున్నవాళ్లు మర్చిపోలేరు. దాని పక్కన పిండి మాత్ర పెడితే ఎవరినీ మోసం చేయలేం.

ఇది పాత సమస్యే. 1975లో అమెరికాలోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్ ఉద్యోగుల మీద విటమిన్ సి జలుబుకు పనిచేస్తుందా అని చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. 311 మంది చేరితే చివరిదాకా ఉన్నవాళ్లు 190 మంది. ప్లాసిబో క్యాప్సూళ్లలో లాక్టోస్ నింపారు. విటమిన్ సి పుల్లగా ఉంటుంది, లాక్టోస్ కాస్త తియ్యగా ఉంటుంది. చాలామంది క్యాప్సూల్ విప్పి రుచి చూసి తమకు ఏది ఇస్తున్నారో కనిపెట్టేశారు. జలుబు రోజులు తగ్గినట్టు కనిపించిన ఫలితం అలా కనిపెట్టినవాళ్లలోనే వచ్చింది. కనిపెట్టనివాళ్లను విడిగా చూస్తే ఆ తేడా మాయమైంది.

ఈ చిక్కుకు మూడు దారులున్నాయి. ఎక్స్‌ట్రాక్టును, అంటే మూలిక నుంచి తీసిన సారాన్ని, గట్టి క్యాప్సూల్లో పెట్టి, అలాంటి క్యాప్సూల్లోనే చేదు కలిపిన పొడి నింపడం నాకు నచ్చిన దారి. విప్పి చూసినా చేదే తగులుతుంది. చేదు కోసం డెనటోనియం లాంటివి చిటికెడు కూడా అక్కర్లేదు, అత్యల్ప మోతాదు చాలు. రెండో దారి, కషాయం ఇవ్వక తప్పని చోట అదే కషాయాన్ని బాగా పల్చన చేసి, నూటికి ఐదు పది పాళ్లకు తగ్గించి ప్లాసిబోగా ఇవ్వడం. రుచి, వాసన కలుస్తాయి, కానీ అది పూర్తిగా మందు లేనిది కాదు. ఆ కొంచెం కూడా పనిచేస్తే తేడా తగ్గి కనిపిస్తుంది. మూడోది, ప్లాసిబో మానేసి, రోగి మాట అవసరం లేని ఫలితాన్ని మాత్రమే కొలవడం. తేలికపాటి జబ్బులో అలాంటి ఫలితం దొరకడం ఎంత కష్టమో కింద చెప్తాను.

ఏ దారి పట్టినా, రోగులను "మీకు ఏది ఇస్తున్నారని అనుకుంటున్నారు?" అని అడిగి రాసుకోండి. ఎప్పుడు అడగాలనేది ముఖ్యం. చివరి రోజు అడిగితే తగ్గినవాళ్లందరూ మందే అంటారు, తగ్గనివాళ్లు ప్లాసిబో అంటారు. రెండో రోజు, ఇంకా ఏ గుణమూ కనిపించక ముందే అడగాలి. అప్పుడు సగం మందికి మించి సరిగ్గా చెప్పేస్తే మీ ప్లాసిబో దొరికిపోయినట్టే.

ఏం కొలవాలి

ముందు ఆసుపత్రిలో చేరడం సంగతి చూద్దాం. ఇది గట్టి ఫలితం, ఎవరి అభిప్రాయమూ అక్కర్లేదు. కానీ తేలికపాటి జబ్బులో చాలా అరుదు. నూటికి ఇద్దరు చేరుతున్నారనుకుందాం, మీ మందు దాన్ని సగానికి, అంటే నూటికి ఒకరికి తగ్గిస్తుందనుకుందాం. ఆ తేడాను నమ్మకంగా పట్టుకోవాలంటే ఒక్కో గ్రూపులో దాదాపు 2,300 మంది కావాలి. అంతమంది లేకుండా ఆసుపత్రి చేరికల మీద తీర్పు చెప్పడానికి కూర్చుంటే థాయిలాండ్ కథే మళ్లీ జరుగుతుంది.

ఆర్‌టీ-పీసీఆర్ నెగటివ్ కావడం రెండోది. పైకి శాస్త్రీయంగా కనిపిస్తుంది కాబట్టి చాలామంది దీని వైపు మొగ్గుతారు. నేను వద్దంటాను. జబ్బు తగ్గి తిరుగుతున్న మనిషిలో కూడా చచ్చిన వైరస్ ముక్కలు వారాల తరబడి పీసీఆర్‌లో పాజిటివ్ చూపిస్తాయి. ముక్కులో పుల్ల ఎంత లోతుకు పెట్టారు, ఏ రోజు తీశారు అనేదాన్ని బట్టి కూడా ఫలితం మారుతుంది. పైగా రోగికి కావాల్సింది అది కాదు. అతనికి కావాల్సింది మళ్లీ ఎప్పుడు మామూలుగా తిరగగలననే సంగతి.

కాబట్టి లక్షణాలు తగ్గడానికి పట్టిన రోజులనే ప్రధాన ఫలితంగా పెట్టుకోండి. తగ్గడం అంటే ఏమిటో ముందే నిర్వచించాలి. ప్రతి లక్షణానికీ సున్నా నుంచి మూడు దాకా మార్కులు వేయించి, వరసగా 24 గంటలు అన్నీ సున్నా లేదా ఒకటి ఉంటే తగ్గినట్టు అని పెట్టుకోవచ్చు. జలుబులకు డబ్ల్యూయూఆర్‌ఎస్‌ఎస్-21 లాంటి, ముందే సరిచూసిన ప్రశ్నావళులు ఉన్నాయి. రోగుల భాషలోకి మార్చి పదిమంది చేత చదివించి, అర్థమైందో లేదో చూసి వాడుకోవచ్చు. దగ్గును మాత్రం ఈ లెక్కలో కలపకుండా విడిగా చూడమంటాను. మామూలు జలుబు తర్వాత కూడా దగ్గు సగటున రెండున్నర వారాలు ఉంటుంది. అది కలిపితే ఎవరికీ ఎప్పటికీ తగ్గినట్టు కనిపించదు.

డైరీ విషయంలో ఒక చిన్న సంగతి. రోగి ఆరో రోజు డైరీ తిరిగి ఇస్తాడు. మూడు, నాలుగు, ఐదో రోజుల గడుల్లో ఒకే పెన్ను, ఒకే వాలు, టిక్కులన్నీ ఒకే గీతలో ఉంటాయి. అంటే ఆ మూడు రోజులవీ ఆ ఉదయమే కూర్చుని నింపాడు. ఎవరి తప్పూ కాదు, జ్వరంలో ఉన్న మనిషి ఎవరైనా అదే చేస్తాడు. రోజూ ఒకే వేళకు ఫోన్ చేసి అడిగి రాసుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. ఫోన్ చేసే మనిషికి ఏ గ్రూపో తెలియకూడదు.

ఎంత తేడా ఆశించాలి? ఇక్కడ కాస్త నేల మీద నిలబడాలి. ఫ్లూ వైరస్ మీద నేరుగా పనిచేసే ఒసెల్టామివిర్ పెద్దవాళ్లలో జబ్బును సుమారు 7 రోజుల నుంచి 6.3 రోజులకు తగ్గిస్తుందని 2014లో, జరిగిన పరీక్షలన్నిటినీ కలిపి చూసే కొక్రేన్ సమీక్ష తేల్చింది. అంటే పదిహేడు గంటలు. అలాంటప్పుడు మన మూలిక నాలుగు రోజులు తగ్గిస్తుందని ఆశించి పరీక్ష పెట్టుకోవడం సరికాదు. ఫ్లూకు వాడే ఎల్డర్‌బెర్రీ అనే పండు విషయంలో సరిగ్గా ఇదే జరిగింది. 2004లో నార్వేలో 60 మంది ఫ్లూ రోగులతో చేసిన పరీక్షలో నాలుగు రోజులు ముందే తగ్గిందన్నారు. 2020లో అమెరికాలో 87 మందితో జాగ్రత్తగా చేసిన పరీక్షలో ఎల్డర్‌బెర్రీకి 5.3 రోజులు, ప్లాసిబోకు 4.9 రోజులు వచ్చాయి. అంటే ఏ మేలూ కనపడలేదు.

ఎంతమంది కావాలో అంచనా వేయడానికి చేతిలో పెట్టుకునే సూత్రం ఒకటుంది. జబ్బు రోజుల్లో మనిషికీ మనిషికీ ఉండే తేడాను, అంటే స్టాండర్డ్ డీవియేషన్‌ను దానితోనే గుణించి, 16తో గుణించండి. దాన్ని మీరు ఆశించే తేడాను దానితోనే గుణిస్తే వచ్చేదానితో భాగించండి. ఒక్కో గ్రూపుకు కావాల్సిన సంఖ్య అదే. డీవియేషన్ 4 రోజులు అనుకుంటే, రెండు రోజుల తేడా పట్టుకోవడానికి ఒక్కో గ్రూపుకు 64 మంది చాలు. ఒక్క రోజు తేడాకు 256 మంది కావాలి. మధ్యలో మానేసేవాళ్లను కలుపుకుని మరో పదిహేను శాతం పైన వేసుకోండి. ఆశ సగానికి తగ్గితే మనుషులు నాలుగింతలు కావాల్సి వస్తుంది. ఇది స్టాటిస్టిక్స్ తెలిసినవాళ్ల దగ్గరికి వెళ్లే ముందు వేసుకునే అంచనా మాత్రమే, వెళ్లడం మానేయొద్దు.

ప్రధాన ఫలితం ఒక్కటే ఉండాలి. ఇరవై రకాల ఫలితాలు కొలిచి, ఒక్కోదానికీ 0.05 గీత (కాకతాళీయంగా వచ్చే అవకాశం నూటికి ఐదు కంటే తక్కువుంటేనే నమ్మాలనే హద్దు) పెట్టుకుంటే, ఏ బలమూ లేని మందుకు కూడా వాటిలో కనీసం ఒక్కటి పనిచేసినట్టు కనిపించే అవకాశం 64 శాతం.

కషాయమా, చూర్ణమా, ఎక్స్‌ట్రాక్టా

సంప్రదాయంలో ఎలా వాడారో అలాగే పరీక్షించాలని కొందరంటారు. ఆ వాదనలో న్యాయం ఉంది. చైనాలో తూ యూయూ మలేరియా మందు వెతికినప్పుడు మొక్కను వేడి చేసి తీసిన సారం సరిగ్గా పనిచేయలేదు. తక్కువ వేడిలో ఈథర్‌తో తీస్తే పనిచేసింది. ఆ పని నుంచే ఆర్టెమిసినిన్ వచ్చింది, 2015లో ఆమెకు నోబెల్ వచ్చింది. ఆ ఆలోచన ఆమెకు వచ్చింది కూడా పాత వైద్య గ్రంథంలో ఆకును నీళ్లలో నానబెట్టి పిండమన్న వాక్యం చదివాకే. మొక్క ఒకటే అయినా, చేసే తీరు మారితే మందే మారిపోతుంది.

అయినా నేను పరీక్షకు ఎక్స్‌ట్రాక్టు క్యాప్సూలే ఎంచుకోమంటాను. కషాయం ప్రతి ఇంట్లో ఒక్కోలా కాగుతుంది. ఒకరు పావు వంతుకు మరిగిస్తారు, ఇంకొకరు సగానికి దించేస్తారు. చివర్లో పనిచేయలేదని తేలితే మూలిక పనిచేయలేదా, కాచడం కుదరలేదా అన్నది ఎవరూ చెప్పలేరు. ఎక్స్‌ట్రాక్టులో ఒక గుర్తు పదార్థం ఎంతుందో కొలవొచ్చు. నేలవేముకైతే ఆండ్రోగ్రాఫోలైడ్. మొత్తం పరీక్షకు సరిపడా ఒకే బ్యాచ్‌లో చేయించి, కొన్ని క్యాప్సూళ్లు దాచిపెట్టుకోండి.

చూర్ణమైనా ఎక్స్‌ట్రాక్టైనా మొక్కను నిపుణులు గుర్తించి నిర్ధారించాలి. భారలోహాలు, పురుగుమందులు లేవని ల్యాబ్‌లో చూపించాలి. 1990లలో బెల్జియంలో బరువు తగ్గించే మందులో స్టెఫానియా బదులు అరిస్టలోకియా అనే మొక్క పొరపాటున కలిసింది. ఎంతోమంది స్త్రీల కిడ్నీలు దెబ్బతిన్నాయి. చైనా భాషలో పేర్లు దగ్గరగా ఉన్న రెండు మొక్కలు తారుమారైతే జరిగిన నష్టం అది.

హాని కూడా కొలవాల్సిందే

తోడు మందు అంటే రోగి ఒంట్లో ఇప్పటికే వేరే మందులున్నాయని అర్థం. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక ఇండినావిర్ అనే హెచ్‌ఐవీ మందును రక్తంలో 57 శాతం తగ్గించేసిందని 2000లో తేలింది. కోవిడ్‌కు ఇచ్చే నిర్మాట్రెల్‌విర్-రిటోనావిర్‌తో కూడా ఆ మూలిక వాడకూడదు. అతిమధురం ఎక్కువ రోజులు తీసుకుంటే బీపీ పెరిగి పొటాషియం పడిపోతుంది. కాబట్టి బీపీ, షుగర్ మందులు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ల జాబితా చేరే రోజే తీసుకోవాలి. గర్భిణులను తొలి పరీక్షలో చేర్చొద్దు. లివర్ పరీక్ష మొదట, చివర చేయాలి.

ప్లాసిబో ఇక్కడ కూడా అక్కరకొస్తుంది. 2003లో 407 మంది పిల్లల మీద ఎకినేసియా పరీక్షించినప్పుడు జలుబు తగ్గడంలో తేడా రాలేదు. దద్దుర్లు మాత్రం ఎకినేసియా ఇచ్చిన జలుబుల్లో 7.1 శాతం, ప్లాసిబో ఇచ్చిన జలుబుల్లో 2.7 శాతం కనిపించాయి. ప్లాసిబో గ్రూపే లేకపోతే ఆ దద్దుర్లు జ్వరం వల్ల వచ్చినవే అని సరిపెట్టుకునేవాళ్లు.

చీటీలు, రిజిస్ట్రేషన్

ఇక్కడ ఎంపికలేమీ లేవు, చేయాల్సిందే. ఎవరికి ఏ గ్రూపో కంప్యూటర్ తేల్చాలి. తర్వాతి చీటీలో ఏముందో రోగిని చేర్చే డాక్టరుకు తెలియకూడదు. ఒక రోజు మందు, ఒక రోజు ప్లాసిబో అని మార్చి మార్చి ఇస్తే, డాక్టరు తెలియకుండానే కాస్త బాగున్నవాళ్లను మందు రోజుకు పిలుస్తాడు. లక్షణాలు మొదలై 48 గంటలు దాటనివాళ్లనే తీసుకుంటే మంచిది. నాలుగో రోజు వచ్చినవాళ్లు సగం నయమైపోయి వస్తారు. మొదటి రోగిని చేర్చకముందే పరీక్షను బహిరంగ రిజిస్ట్రీలో నమోదు చేయించాలి. వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ 2005 నుంచి ఇది లేని ట్రయళ్లను వేసుకోవడం లేదు. మూలికా మందుల ట్రయళ్లు ఎలా రాయాలో 2006లో వచ్చిన కన్సార్ట్ మార్గదర్శకాలున్నాయి. అవి రాసే రోజు తీసి చూసేవి కావు, ప్రణాళిక వేసే రోజే పక్కన పెట్టుకోవాల్సినవి.

మీ దగ్గర ఉన్నదాన్ని బట్టి

ఒక పీజీ విద్యార్థికి ఏడాది సమయం, అరవై మంది రోగులు దొరికే వీలుంటే, మందు పనిచేస్తుందా అన్న ప్రశ్న పెట్టుకోవద్దు. ఆ సంఖ్యతో అది తేలదు. దాని బదులు రోగులు రోజుకు మూడు క్యాప్సూళ్లు చెప్పినన్ని రోజులు వేసుకుంటారా, ప్లాసిబోను కనిపెట్టేస్తున్నారా, డీవియేషన్ నిజంగా ఎంత ఉంది అనే ప్రశ్నలు పెట్టుకోండి. మూడింటికీ అరవై మందితో నిక్కచ్చి జవాబు వస్తుంది. థీసిస్‌కు అది చాలు, తర్వాత పెద్ద పరీక్ష చేసేవాళ్లకు అది బంగారం.

రెండు మూడు ఆసుపత్రులు కలిసి పనిచేసే వీలుంటే ఒక్కో గ్రూపుకు మూడొందల దాకా తీసుకుని, ప్లాసిబోతో, ఒక్క రోజు తేడా లక్ష్యంగా, లక్షణాలు తగ్గే రోజులు ప్రధాన ఫలితంగా పెట్టుకోండి. ఈ వ్యాసంలో నేను మనస్ఫూర్తిగా సిఫారసు చేసేది ఇదే.

ప్లాసిబో చేయించడం నిజంగా సాధ్యం కాక ఓపెన్ ట్రయలే చేయాల్సి వస్తే కనీసం రెండు పనులు చేయండి. పోలిక గ్రూపుకు కూడా ఏదో ఒకటి ఇవ్వండి, ఆవిరి పట్టే సూచనల కాగితమైనా సరే, "నాకేమీ ఇవ్వలేదు" అనే నిరాశ కొంత తగ్గుతుంది. చేరిన రోజే మూలిక మీద మీకెంత నమ్మకం అని అడిగి నూటికి మార్కులు వేయించండి. ఫలితాలను నమ్మకం ఎక్కువున్నవాళ్లలో, తక్కువున్నవాళ్లలో విడివిడిగా చూపించండి. తేడా నమ్మకస్తుల్లోనే వస్తే ఆ సంగతి దాచకుండా రాయండి.

ఎవరి దారి ఏదైనా, ముందుగా ఆర్డర్ ఇవ్వాల్సింది మందుకు కాదు, ప్లాసిబోకు. నమూనాలు రాగానే పరీక్షతో సంబంధం లేని పదిమందికి రెండు రకాల క్యాప్సూళ్లూ ఇచ్చి, విప్పి వాసన చూడమని, నాలుక మీద వేసుకోమని, ఏది ఏదో చెప్పమని అడగండి. పదిలో ఎనిమిది మంది సరిగ్గా చెప్పేస్తే తయారుచేసేవాళ్లకు తిప్పి పంపించి, చేదు సరిచేశాకే మొదటి రోగిని పిలవండి.